బెడియాకో పువ్వు ఎర్రబడిన శనివారం

కుమాసీలో, బాంతామా బజారు వెనక వీధుల్లో ఈ మాట ఇప్పటికీ నడుస్తోంది. ముసలి బిరాగో చావు వేడుకలో ఇంజనీరు బెడియాకో చేసిన దీపాల పువ్వు దానంతటదే రక్తంలా ఎర్రబడిందట. గాలి ఆగిపోయిందట. పాటల పెట్టెలు వాటంతటవే మూగబోయాయట. ఆ సమయానికి బెడియాకో పువ్వు ముందు నిలబడి, పాస్టరులా రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి ఉన్నాడట. ముసలావిడ ఆత్మ అతని చేతుల మీదుగా దీపంలోకి దిగి, తనని చంపారని చెప్పుకుందట. బెడియాకో చేసిన పువ్వు ముందు అబద్ధం నిలవదట.

ఈ మాట చెప్పేవాళ్లలో చాలామంది ఆ రోజు అక్కడ లేరు. ఉన్నవాళ్లు భోజనం గిన్నెలు ఎటునుంచి వస్తున్నాయా అని చూస్తున్నారు. నేను మాత్రం బెడియాకోని చూస్తున్నాను. అతని దగ్గర పనిచేసేవాళ్లకి అతన్ని చూడడాన్ని మించిన వినోదం ఉండదు.

క్వాబెనా బెడియాకో ఇంజనీరు కాదు. మొదట అద్దె వ్యాన్ల వెనక దేవుడి మాటలు రంగులతో రాసేవాడు, అవీ వంకరగా. తర్వాత ఫ్యాన్లు బాగుచేశాడు. అతను బాగుచేసిన ఫ్యాన్లు తిరిగేవి, కానీ గాలి వచ్చేది కాదు. ఆ తర్వాత ఎవరో మూసేసిన షాపు నుంచి పాత లేజర్ మెషీన్ ఒకటి తెచ్చి, చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకుని ఇంజనీరయ్యాడు. ఆ మూడింటిలో ఒకటే రాసేది. వ్యాన్ ముందు అద్దం దగ్గర పసుపురంగు హెల్మెట్ ఒకటి బయటికి కనబడేలా పెట్టేవాడు. అది ఎవరి నెత్తిమీదా ఉండగా నేను చూడలేదు.

బడి మానేశాక నేను ఆ షాపులో చేరాను. అక్కడ ప్లాస్టిక్ పలకలు కోసేది మెషీన్. ఆ పలకల మీది కాగితం ఒలిచేది, పూరేకులు వంచేది, అతికించేది నేను. గిరాకీ వచ్చినప్పుడు మెషీన్ మూత మీద చెయ్యి వేసి నిలబడేది బెడియాకో. "కత్తితో కోసేవాడు కసాయివాడు. నేను వెలుగుతో కోస్తాను" అనేవాడు. వచ్చిన ప్రతివాడితోనూ అదే మాట. వెళ్లాక నావైపు తిరిగి, "ఫ్రేమా, మెషీన్ ఎందుకు ఆగింది?" అని అడిగేవాడు. అది ఆగిందో, పని ముగించిందో కూడా అతనికి తెలిసేది కాదు.

బిరాగో పెద్దకొడుకు యావ్ మానూ టేమా నుంచి వచ్చాడు. నల్లద్దాలు తియ్యకుండానే షాపంతా చూశాడు.

"అమ్మకి లిల్లీ పువ్వు కావాలి ఇంజనీరుగారూ. మనిషంత ఎత్తుండాలి. పక్కవీధివాళ్లు మొన్న పెట్టింది నడుందాకే ఉంది."

"మనిషంతేనా? నేను చేస్తే మనిషి దాని పక్కన మొలకలా కనబడాలి."

"దీపం తెల్లగా ఉండాలి. అమ్మకి తొంభై దాటాయి."

"తెలుపు తప్ప ఇంకో రంగు పేరు కూడా తెలియని దీపం నా దగ్గరుంది. జర్మనీది."

"జర్మనీదా!"

"మామూలువాళ్లకి అమ్మరు. నాకు పంపిస్తారు."

యావ్ మానూ తల్లిని బతికుండగా ఎన్నిసార్లు చూశాడో నాకు తెలియదు. ఆమె పువ్వు ఎత్తు గురించి మాత్రం వెళ్లేముందు మళ్లీ గుర్తుచేసి వెళ్లాడు.

మా దగ్గర పండి రాలిన ప్రాణానికి తెలుపూ నలుపూ కడతాం. అది సాగనంపడం, అందులో నవ్వు కూడా ఉంటుంది. ఎరుపు వేరు. మధ్యలో తెగిన ప్రాణానికి, ఏదో జరగరానిది జరిగిన చావుకి ఎరుపు. తొంభై దాటిన మనిషి చావులో ఎర్రగుడ్డ కట్టుకొస్తే, ఈ ఇంట్లో ఎవరో ఈమెని చంపారు అని అరిచినట్టే. ఇది మా ఊళ్లో పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. బెడియాకోకీ తెలుసు.

పువ్వు బొమ్మని అతను ఫోన్‌లో ఎవరి పెళ్లి ఫొటోలోంచో తీశాడు. మెషీన్ పాలరంగు అక్రిలిక్ పలకల్ని రేకులుగా కోసింది, ఒక్కో రేకు మీదా ఈనెలు గీసింది. షాపంతా ఆ కాలిన వాసనే, అన్నంలోకి కూడా వచ్చేది. వేడిగాలి ఊదే హీట్ గన్‌తో రేకుల్ని ఒక్కొక్కటిగా మెత్తబరచి, తడిగుడ్డ చుట్టిన కుండ మీద వాల్చి వంచాను. ఎక్కువ వేడైతే బుడగలొస్తాయి, తక్కువైతే పుటుక్కున విరుగుతుంది. పెద్ద రేకు ఒకటి విరిగింది కూడా. అప్పుడు బెడియాకో, "జర్మనీలో అయితే ఇలా విరగదు" అన్నాడు. అతను మా దేశంలోని వోల్టా నది కూడా దాటలేదు.

ఇక జర్మనీ దీపం సంగతి. అది కెజెటియా బజారులో కుప్పగా పోసి అమ్మే రంగులు మారే దీపాల పట్టీ. ఒట్టి తెలుపుది దొరకలేదో, అది ఇంకా చవకని కొన్నాడో నాకు తెలియదు. పెట్టె మీది రాతలు గోటితో గీకేశాడు. దాంతోపాటు అరచేతిలో ఇమిడే రిమోట్ వచ్చింది. దాన్నిండా ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు రబ్బరు మీటలు. గోడ అడ్డున్నా పనిచేసే రకం. మీట అలా తగిలితే చాలు, రంగు మారిపోతుంది.

ఆ రిమోట్ చూశాక బెడియాకోకి ఒక ఆలోచన వచ్చింది. అతనికి ఆలోచన వచ్చిందంటే నాకు భయం వేసేది.

"స్విచ్ వేస్తే ఎవడికి గొప్ప ఫ్రేమా? నేను చప్పట్లు కొడతాను. పువ్వు వెలుగుతుంది."

"చప్పట్లకి ఎలా వెలుగుతుంది బాస్?"

"చప్పట్లు కొట్టి, పెద్దమనిషిలా చేతులు వెనక్కి కట్టుకుంటాను. రిమోట్ వెనక జేబులో ఉంటుంది. ఎవడు చూస్తాడు?"

షాపులో అదే పనిగా సాధన చేశాడు. చప్పట్లు, చేతులు వెనక్కి, గడ్డం పైకి. మధ్యాహ్నానికి గడ్డం పైకెత్తడం బాగా వచ్చింది. తెల్లమీట వెతకడం మాత్రం ఇంకా రాలేదు.

శనివారం బిరాగో ఇంటిముందు వీధికి వీధి పందిళ్లు వేశారు. టేమా నుంచి, అక్రా నుంచి వచ్చిన పిల్లలు తల్లి బొమ్మ అచ్చేసిన నలుపుతెలుపు బట్టలు కుట్టించుకుని, ఒకరి కుట్టు పని ఒకరు చూసుకుంటున్నారు. ఆ ముసలావిడకి స్నానం చేయించి, గంజి తాగించి, చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది చెల్లెలి కూతురు తివా. ఆమె పెరట్లో పొయ్యిల దగ్గర ఉంది. ఆమెకి కొత్త బట్టలు కుట్టించాలని ఎవరికీ తోచలేదు.

బెడియాకో పువ్వు ముందుకొచ్చి చప్పట్లు కొట్టాడు. చేతులు వెనక్కి కట్టాడు. కాసేపు ఏమీ కాలేదు. అతని భుజాలు కదులుతున్నాయి; మీట దొరకడం లేదు. ఆ తర్వాత రేకుల అడుగునుంచి తెల్లవెలుగు పాకి, ఈనెలన్నీ పాలదారాల్లా మెరిశాయి. పువ్వు బాగుంది. ఆ మాట నేను ఒప్పుకుంటాను. జనం ఓహో అన్నారు. బెడియాకో తనే దేవుడైనట్టు తలూపాడు.

చావుకి వచ్చినవాడు కూర్చున్న వాళ్లందరికీ కుడినుంచి మొదలుపెట్టి చెయ్యి కలుపుతూ వెళ్లాలి. తర్వాత తను కూర్చుంటే, వాళ్లు లేచి వచ్చి తిరిగి చెయ్యి కలుపుతారు. బెడియాకో వరస పొడుగునా చేతులు కలుపుతూ, ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, "జర్మనీ... జర్మనీ..." అంటూ నడిచాడు. చూడ్డానికి కరెంటు తీగలాంటి మనిషి, లోపల కరెంటు మాత్రం లేదు. ముందు వరసలో కుటుంబ పెద్దల పక్కన, తనకి ఎవరూ చూపించని ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని దభీమని కూర్చున్నాడు.

పువ్వు ఎర్రబడింది.

ముందుగా ఒక ముసలమ్మ కేక పెట్టింది. తర్వాత అందరూ. పాటలాయన భయపడి తీగ పీకేశాడు; పాటల పెట్టెలు మూగబోవడం వెనక ఉన్న మహిమ అంతే. బెడియాకో లేచి పరుగెత్తి పువ్వు ప్లగ్ లాగేశాడు. యావ్ మానూ అతని కాలరు పట్టుకున్నాడు.

"ఎర్రదీపం పెడతావా మా అమ్మ చావుకి?"

అప్పుడు బెడియాకో, రంగులు మారే దీపమండీ, పొరపాటైంది, అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నాలుగు తిట్లు తినేవాడు. కానీ అలా అంటే జర్మనీ ఏమైపోతుంది?

"నా దీపానికి తెలుపు తప్ప రాదు" అన్నాడు, కాలరు సర్దుకుంటూ. "ఎరుపు నా దీపంలోంచి రాలేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో మీ ఇంటినే అడగండి."

అందరూ ఇంటివైపు తిరిగారు. ఇంటి గుమ్మంలో గరిటె పట్టుకుని, గోలేమిటో చూద్దామని వచ్చిన తివా నిలబడి ఉంది.

"ముసలామెకి వండిపెట్టింది ఎవరు?" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో తర్వాత ఎవరికీ గుర్తులేదు. అలాంటి మాటలు ఎప్పుడూ ఎవరూ అనరు.

వ్యాన్‌లో తిరిగి వస్తున్నప్పుడు నేను చెప్పాను. నాకు నోరు విప్పడం కష్టం. అయినా చెప్పాను.

"బాస్, రిమోట్ మీ వెనక జేబులో ఉంది. మీరు కూర్చోగానే ఎర్రబడింది."

అతను కాస్త పైకి లేచి జేబు తడుముకున్నాడు.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు. కానీ తివా అక్కని అంటున్నారు."

"తివా నాకేమన్నా చుట్టమా?" అన్నాడు. అంతలో ఫోన్ మోగింది. సుఆమే పేట నుంచి ఎవరో. "అవునండీ, నేనే... ఆ పువ్వే... చచ్చినవాళ్ల మాట నేను చెప్పకూడదు, దీపమే చెబుతుంది" అన్నాడు. ఫోన్ పెట్టేసి నావైపు చూసి పళ్లికిలించాడు. "తెల్లదీపం పెట్టేవాడు ఈ ఊళ్లో వీధికొకడున్నాడు ఫ్రేమా. నోరున్న దీపం ఎవడి దగ్గరుంది? నువ్వు మాట్లాడావంటే మాత్రం రేపట్నుంచి షాపుకి రానక్కర్లేదు."

మనిషి అంత చిన్నవాడని నాకు అంతకుముందే తెలుసు. కొలత అప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున చర్చి కన్నా ముందు, పువ్వుని పెరట్లోకి మార్చి తుడవమని నన్ను ఆ ఇంటికి పంపాడు. చర్చి నుంచి వచ్చాక కుటుంబం కూర్చుంటుందట. పువ్వు మళ్లీ వెలిగించి, ముసలామె ఏమంటుందో చూసి, తివాని ఇంట్లో ఉంచాలా వెళ్లగొట్టాలా తేలుస్తారట. ఇల్లు వదిలితే ఆమెకి వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు. మంత్రగత్తె అన్న పేరు మోసుకుంటూ వెళ్లిన మనిషిని ఏ ఇల్లూ రానివ్వదు.

పెరట్లో పెద్ద కుండలో తివా వండిన పామాయిల్ పళ్ల పులుసు ఉడుకుతోంది. అత్తలూ పిన్నులూ చుట్టూ కూర్చున్నారు. ఒక్కరూ గిన్నె చాపడం లేదు.

"తినండి పిన్నీ" అంది తివా.

"ఆకలి లేదమ్మా" అంది ఒకావిడ. ఆమె చేతిలో ఖాళీ గిన్నె ఉంది. కడుపు బయటికి వినబడేలా అరిచింది.

వాళ్లు చర్చికి కదిలాక నేను తివా దగ్గరికి వెళ్లి, పొయ్యి వంక చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. రిమోట్ గురించి, జేబు గురించి, ప్లాస్టిక్ కుర్చీ గురించి.

తివా గరిటె తిప్పడం ఆపింది. "నువ్వు మాట్లాడతావా? ఇన్నాళ్లూ మూగదానివనుకున్నాను." తర్వాత ఆమెకి మాట అర్థమైంది. "అంటే, నా పరువు ఆ వెధవ పిర్ర కింద ఉందన్నమాట!"

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

"ఇప్పుడే వెళ్లి చెబుదామా అక్కా?"

"చెబితే ఎవరు నమ్ముతారు? నేను మంత్రగత్తెని, నువ్వు దాని చెవిలో ఊదినదానివి. చెప్పొద్దు. ఇవాళ కూడా చప్పట్లు కొడతాడా?"

"కొడతాడు. కొట్టకుండా ఉండలేడు."

"అయితే అతనికి కుర్చీ నేనే వేస్తాను."

మధ్యాహ్నం అందరూ తెల్లబట్టల్లో పెరట్లో చేరారు. కుటుంబ పెద్ద ద్వుమా తాత చేతికర్ర పట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. బెడియాకో నెత్తినుంచి కాళ్లదాకా తెల్లగా, ఒంటికి అంటుకుపోయిన ప్యాంటులో వచ్చాడు. చప్పట్లు కొట్టాడు, చేతులు వెనక్కి కట్టాడు, గడ్డం ఎత్తాడు. పువ్వు తెల్లగా వెలిగింది.

"చూశారా తాతా, ఇవాళ ఆవిడ మాట్లాడడం లేదు. తప్పు చేసినవాళ్లు ఎదురుగా ఉంటే కొంతమంది ఆత్మలు—"

"ఆగు" అన్నాడు ద్వుమా తాత. "నీకు కుర్చీ వెయ్యలేదు, నీళ్లివ్వలేదు. అప్పుడే మాట ఎత్తుతావేంటి?"

మా పద్ధతి అది. వచ్చినవాడికి ముందు కుర్చీ, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే వచ్చిన పని. అప్పటికే తివా చెక్క కుర్చీ తెచ్చి అతని వెనక వేసింది. దిండు లేని, గట్టి చెక్క కుర్చీ.

బెడియాకో కుర్చీని చూశాడు. "నడుం పట్టేసింది తాతా. నిలబడే చెబుతాను."

"నిలబడి చెప్పేది పోలీసులకి. కూర్చో."

అతను ఎడమ తుంటి మీద, కుర్చీ అంచున, గుడ్ల మీద కోడిలా కూర్చున్నాడు. కుడి తుంటి గాల్లో ఉంది. పిల్లలు చూసి నవ్వారు.

తివా చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఇదేం కూర్చోవడం ఇంజనీరుగారూ? మా ఇంటి కుర్చీకి ముళ్లున్నాయా? సరిగ్గా కూర్చుని తాగండి. తెల్లప్యాంటు తడిస్తే జర్మనీవాళ్లు ఏమనుకుంటారు?"

"కూర్చోవయ్యా సరిగ్గా" అన్నాడు ద్వుమా తాత విసుగ్గా.

బెడియాకో కూర్చున్నాడు. పువ్వు ఎర్రబడింది.

నిన్న కేక పెట్టిన ముసలమ్మే మళ్లీ కేక పెట్టింది. యావ్ మానూ లేచి నిలబడ్డాడు. తివా కదల్లేదు. పువ్వువైపు తిరిగి, బతికున్న మనిషితో మాట్లాడినట్టు అడిగింది.

"పెద్దమ్మా, ఎరుపు చాలా? పచ్చ కావాలా? ఇంజనీరుగారూ, మా పెద్దమ్మకి పచ్చ కావాలంట. ఒక్కసారి ఇటు జరగండి."

జరగనన్నాడు. ఆమె అతని భుజం పట్టి జరిపింది. పువ్వు పచ్చబడింది. అతను ఆమె చెయ్యి విదిలించుకుని లేవబోయి, కాలు తట్టుకుని మళ్లీ కూలబడ్డాడు. ఈసారి పువ్వు సారాకొట్టు ముందు బోర్డులా అన్ని రంగులూ మార్చుకుంటూ మిలమిలమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"అమ్మో, పెద్దమ్మ డాన్సు కూడా చేస్తోంది!" అంది తివా.

పెరడంతా నవ్వుతో కదిలిపోయింది. ద్వుమా తాత నవ్వలేదు. చేతికర్రతో బెడియాకో వెనక జేబు మీద తట్టాడు. పువ్వు నీలంగా మారింది.

"తియ్యి బయటికి."

"అది... కారు తాళం తాతా."

"నీ కారుతో మా దీపం వెలుగుతుందా? తియ్యి."

రిమోట్ బయటికొచ్చింది. ద్వుమా తాత దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని తెల్లమీట నొక్కాడు. పువ్వు తెల్లగా వెలిగింది. ఎర్రమీట నొక్కాడు, ఎర్రబడింది. తర్వాత పసుపు, నీలం, పచ్చ, ఊదా. ముసలాయన దాన్ని చాలాసేపు వదల్లేదు. మధ్యలోనే, రిమోట్ మీంచి కళ్లెత్తకుండా, "తివా ఈ ఇంట్లోనే ఉంటుంది. నిన్న నోరు పారేసుకున్నవాళ్లు లేచి ఆమెకి క్షమాపణ చెప్పండి" అన్నాడు. నిన్న ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఎవరూ లేవలేదు. అందరూ గిన్నెలు పట్టుకుని పులుసు కుండ చుట్టూ చేరారు.

"చల్లారిపోయింది" అంది తివా. "ప్రాణం మీద తీపి లేనివాళ్లు వేడి చేసుకుని తినండి."

తిన్నారు. కుండ అడుగుదాకా తిన్నారు.

బెడియాకో ఆ సాయంత్రమే నన్ను రావద్దన్నాడు. ఇప్పుడు నేను ఆటల పోటీల్లో ఇచ్చే బహుమతి బొమ్మలు కోసే చోట పనిచేస్తున్నాను. అక్కడ యజమాని ఇంజనీరునని చెప్పుకోడు. బెడియాకో తివాకి క్షమాపణగా ఒక్క మాటా చెప్పలేదు. ఎదురుపడితే రోడ్డు దాటిపోతాడు.

ఆ పెరట్లో నవ్వినవాళ్లు కొద్దిమంది. శనివారం వీధిలో కేక విన్నవాళ్లు ఊరంత. అందుకని దూరాన ఒబువాసి నుంచి, టెచిమాన్ నుంచి కూడా ఇప్పుడతని షాపుకి వస్తారు, తమవాళ్లు ఎలా చచ్చిపోయారో పువ్వుని అడగడానికి. అతను ఒక్కరినీ వెనక్కి పంపడు. పాస్టరులా చేతులెత్తి నిలబడిన ఆ కథ కూడా అతనే చెబుతాడు, ఎలా నిలబడ్డాడో చేసి మరీ చూపిస్తాడు.

ఆ శనివారం పువ్వు ఎర్రబడినప్పుడు బెడియాకో నిలబడి లేడు. ప్లాస్టిక్ కుర్చీలో అప్పుడే కూర్చున్నాడు.